ఆకుపచ్చ నెత్తురు, అర్ధరాత్రి ఫోను

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం ఒక్కసారిగా 118 మొబైల్ యాప్‌లను నిలిపేసింది. ఆ జాబితాలో పబ్జీ మొబైల్ ఉందని తెలిసి భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఇళ్లలో పెద్దవాళ్లు పీడ విరగడైందనుకున్నారు. అవి కరోనా రోజులు. బళ్లు మూతపడి ఉన్నాయి. ఆన్‌లైన్ క్లాసుల పేరుతో పిల్లల చేతికి వెళ్లిన ఫోను, క్లాసు అయిపోయాక కూడా వెనక్కి రావడం లేదు. పొద్దస్తమానం ఇంట్లో తుపాకుల మోత. చంపుకోవడమే పనిగా ఉన్న ఆటను పిల్లల మేలు కోరి సర్కారు తీసేసిందని నలుగురూ అనుకోవడం సహజమే.

ఆ రోజు ప్రభుత్వం చెప్పిన కారణాల్లో పిల్లల ఊసు లేదు, హింస ఊసు లేదు. దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు, రక్షణకు, శాంతిభద్రతలకు ఈ యాప్‌లు హాని చేస్తున్నాయని చెప్పింది. వాడేవాళ్ల సమాచారం దేశం దాటి బయటి సర్వర్లకు చేరుతోందని ఫిర్యాదులు వచ్చాయంది. లద్దాఖ్ సరిహద్దులో చైనాతో ఉద్రిక్తత నడుస్తున్న నెలలవి. వాడిన ఆయుధం 2000 నాటి ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. ఆ సెక్షన్ కింద దేనినైనా ఆపాలంటే దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతల వంటి కొన్ని కారణాలే చూపాలి. ఆటలో నెత్తురు ఎక్కువైందనో, పిల్లాడు నిద్ర మానేశాడనో చూపిస్తే ఆ సెక్షన్ కదలదు.

హింసాత్మక వీడియో గేముల మీద ఆంక్షలు ఉండాలా వద్దా అన్న వాదన మన దగ్గర ఏళ్ల తరబడి తిరుగుతున్నా, అసలు సంగతి దగ్గరికి రాకపోవడానికి ఇదొక కారణం. జనం అడుగుతున్నది ఒకటి, చట్టం చేస్తున్నది మరొకటి.

తర్వాత జరిగింది చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2021 జులైలో అదే ఆట బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) పేరుతో, దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ చేతుల మీదుగా తిరిగొచ్చింది. ఈసారి తూటా తగిలితే చిమ్మే నెత్తురు ఆకుపచ్చ రంగులో ఉంది. ‘చంపాడు’ అనే అర్థమిచ్చే మాట తీసేసి ‘ముగించాడు’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. ఇదంతా ఊహాలోకమని మొదట్లోనే హెచ్చరిక వినిపించారు. 2022 ఫిబ్రవరిలో నిలిపేసిన 54 యాప్‌లలో ఇలాంటిదే మరో తుపాకుల ఆట ఫ్రీ ఫైర్ కూడా పోయింది. దాని అన్నలాంటి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ఫోన్లలో నడుస్తూనే ఉంది. అదే ఏడాది జులైలో బీజీఎంఐ కూడా ప్లే స్టోర్ నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది ఉంది. అక్కడి స్థలపురాణంలో రక్తవిలోచనుడనే రాక్షసుడికి ఒక వరం ఉంది. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవిలోచనులు పుట్టుకొస్తారు. నరసింహస్వామి చక్రం వేసినకొద్దీ వాళ్లు పెరుగుతూ పోయారు. చివరికి మాయాశక్తి నాలుక చాపి, చుక్క కూడా ఇసుకను తాకకుండా పట్టాకే వాడు చచ్చాడు. డెల్టాలో రథోత్సవానికి వెళ్లిన ప్రతి పిల్లాడికీ తెలిసిన కథ ఇది. ఆటను పేరు పెట్టి నిషేధించినప్పుడల్లా జరుగుతున్నది అదే. వేటు తలకి తగులుతోంది, నెత్తురు పడే ఇసుక సంగతి ఎవరూ చూడటం లేదు.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఇందులో హింసకు లోటు లేదు. పేగులు తీసి మెళ్లో వేసుకున్న దేవుణ్ణి చూస్తూ, కీచకవధ, దుశ్శాసన వధ బుర్రకథల్లో, నాటకాల్లో తెల్లవార్లూ వింటూ ఈ నేల మీద పిల్లలు పెరిగారు. దాదాపు ఇదే వాదన అమెరికా సుప్రీంకోర్టులో వినిపించింది. హింసాత్మక వీడియో గేములను 18 ఏళ్ల లోపువాళ్లకు అమ్మకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసింది. అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. 2011 జూన్ 27న సుప్రీంకోర్టు 7–2 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పిల్లలకు చెప్పే గ్రిమ్ సోదరుల కథల నిండా నెత్తురే ఉంది కదా అన్నారు. పుస్తకాలకు, నాటకాలకు ఉన్న వాక్ స్వాతంత్ర్య రక్షణే వీడియో గేములకూ ఉంటుందన్నారు.

ఆ తీర్పుతో ఏకీభవించిన ఏడుగురూ ఒకే దారిలో రాలేదన్నది చాలామంది పట్టించుకోని ముక్క. జస్టిస్ అలిటో, ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ చట్టం అస్పష్టంగా ఉందన్న కారణంతోనే దాన్ని కొట్టేయడానికి ఒప్పుకున్నారు. కథ వినడానికీ, చేతిలో తుపాకీ పట్టుకుని తానే పేల్చడానికీ తేడా ఉండొచ్చని, ఆ తలుపు అప్పుడే మూసేయొద్దని అలిటో రాశారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. బుర్రకథలో దుశ్శాసనుడి రొమ్ము చీల్చేది భీముడు, ఫోనులో పేల్చేది పిల్లాడి బొటనవేలు. పైగా బుర్రకథకు ఒక ముగింపు ఉంటుంది. భీముడి పగకు వెనక ద్రౌపది జుట్టు ఉంటుంది, ముందు కురుక్షేత్రం ఉంటుంది. వింటున్న పిల్లాడి పక్కన తాతో, మామ్మో కూర్చుని ఉంటారు.

చట్టం దృష్టిలో మన దేశంలో వీడియో గేము ఏ గూటికీ చెందని పక్షి. సినిమాకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఉంది, సెన్సార్ బోర్డు ఉంది. తెర మీది బొమ్మ మనసు మీద బలంగా పనిచేస్తుంది కాబట్టి ముందస్తు సెన్సారు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సవరణతో యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వారీగా విడగొట్టారు కూడా. వీడియో గేముకు మాత్రం అలాంటి ప్రభుత్వ సంస్థ లేదు. ప్లే స్టోర్‌లో ఆట పేరు దగ్గర కనిపించే వయసు అంకె, ఆట తయారుచేసినవాళ్లు నింపిన ప్రశ్నావళి నుంచి వచ్చింది. నరసాపురంలో సినిమా హాలు గేటు దగ్గర ‘ఏ’ సినిమాకు వచ్చిన పదేళ్ల పిల్లాణ్ణి టికెట్లు చింపే మనిషి ఆపగలడు. ఆ అంకె దగ్గర ఆపే మనిషి లేడు.

ఈ ఖాళీలోకి పోలీసులు దిగితే ఏమవుతుందో గుజరాత్ చూపించింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు 144 సెక్షన్ కింద పబ్జీ ఆడటాన్నే నిషేధించారు. కొద్ది రోజుల్లోనే కాలేజీ కుర్రాళ్లతో సహా పది మంది దాకా అరెస్టయ్యారు. పరీక్షల కాలంలో పిల్లల చదువు కాపాడాలన్నది ఉద్దేశం. ఆ పిల్లల మీదే కేసులు పడ్డాయి. ఏ ఆంక్షైనా ఆడే పిల్లాణ్ణి దోషిగా నిలబెడితే అది అక్కడే తప్పింది. ఇందులో మధ్యేమార్గం వెతకాల్సిన పని లేదు.

హింస వల్ల హింస పుడుతుందా?

ఈ ప్రశ్న మీద మూడు దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్‌లో ఓడినవాడి వెన్నెముక పీకే దృశ్యాలు చూసి అమెరికా సెనేట్ 1993 డిసెంబరులో విచారణ పెట్టింది. ఆ ఒత్తిడికే 1994లో అక్కడి పరిశ్రమ సొంతంగా వయసు రేటింగ్ బోర్డు పెట్టుకుంది. అప్పటి నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారు.

కోపాన్ని ప్రయోగశాలలో ఎలా కొలుస్తారో తెలిస్తే ఈ వాదన ఎందుకు తెగడం లేదో అర్థమవుతుంది. ఒకరి చేత హింస ఉన్న ఆట, ఇంకొకరి చేత లేని ఆట కాసేపు ఆడిస్తారు. తర్వాత ఎదుటివాడి చెవిలో ఎంత పెద్ద చప్పుడు మోగిస్తావు, వాడు తినబోయే తిండిలో ఎంత కారం కలుపుతావు అని చూస్తారు. హింస ఉన్న ఆట ఆడినవాళ్లు కొంచెం పెద్ద చప్పుడు, కొంచెం ఎక్కువ కారం ఎంచుకున్నారని కొన్ని ప్రయోగాల్లో తేలింది. అది నిజమైన ఫలితమే. అక్కడి నుంచి వీధిలో కత్తి తీసే దాకా చాలా దూరం ఉంది, ఆ దూరాన్ని ఏ ప్రయోగమూ దాటలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన మాటను సరిచేసుకుంటూ ఇదే చెప్పింది: అరవడం, నెట్టడం లాంటి దుడుకుతనంతో చిన్నపాటి సంబంధం కనిపిస్తోంది, నేరాల్లాంటి అసలు హింసకు ఈ ఆటలే కారణమనడానికి తగిన ఆధారాలు లేవు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యి మందిని తీసుకుని, పిల్లలు ఆడే ఆటల హింసను అధికారిక రేటింగుల ప్రకారం లెక్కగట్టి, వాళ్ల ప్రవర్తన గురించి తల్లిదండ్రులను అడిగారు. రెంటికీ సంబంధం కనిపించలేదు. జపాన్, దక్షిణ కొరియాల్లో వీడియో గేముల మోజు ఎంతో, హత్యలు ఎంత తక్కువో తెలిసిందే.

అంతమాత్రాన ‘ఏమీ కాదు, ఆడుకోనివ్వండి’ అనడం బాధ్యత తప్పించుకోవడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉంది. ఆడటం మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. మామూలుగా ఏడాది పాటు ఇలా సాగితేనే జబ్బు అంటారు. ఈ నిర్వచనంలో హింస అన్న మాట లేదు. తుపాకుల ఆటకైనా, రంగు మిఠాయిల ఆటకైనా అదే కొలత.

తల్లిదండ్రుల ఫిర్యాదు నిదానంగా వింటే అదీ ఈ నిర్వచనానికే దగ్గరగా ఉంటుంది. ‘మావాడు ఎవరినో పొడిచేస్తాడేమో’ అన్న భయం పత్రికల్లో కనిపిస్తుంది. ఇళ్లలో వినిపించేవి వేరు: నిద్రపోడు, తిండి దగ్గర కూర్చోడు, పలకరిస్తే విసుక్కుంటాడు, బ్యాంకులో డబ్బులు తగ్గాయి.

ఒక ఫోను, ఒక ఓటీపీ

కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ ఆడవాళ్లు కువైట్, దోహా, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లడం రెండు మూడు తరాలుగా ఉన్నదే. పిల్లలు మామ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను. అది అమ్మ పంపిన డబ్బుతో కొన్నది. సిమ్ము మామ్మ ఆధార్ మీద ఉంటుంది. ఫోను తెరవడం తెలిసినవాడు తొమ్మిదో తరగతి చదివే మనవడు. గ్యాస్ బుక్ చేయాలన్నా, బ్యాంకు మెసేజీ చదివి చెప్పాలన్నా వాడే.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ వంటిల్లు సర్దుకుని ఆమె మంచం మీద కూర్చునేసరికి రాత్రి పదైతే, ఇక్కడ పన్నెండున్నర. అమ్మ వీడియో కాల్ వచ్చేదాకా ఫోను చార్జింగుతో, డేటాతో పిల్లాడి దగ్గర ఉండాలి. ఆ కాల్ కోసం మెలకువగా ఉండే మూడు గంటల్లో వాడు ఆడతాడు.

‘ఒరే నాన్నా, ఇంకా ఎంతసేపురా?’ అంటుంది మామ్మ పక్క మీద నుంచి.

‘ఈ ఒక్క మ్యాచూ మామ్మా.’

వాడు అబద్ధం చెప్పడం లేదు. ఆ మ్యాచ్ ఎలా నడుస్తుందో చూస్తే తెలుస్తుంది. విమానం నుంచి వంద మంది ఒక దీవి మీదికి దూకుతారు. ఇళ్లలో దొరికిన తుపాకులు, మందులు ఏరుకుంటారు. చుట్టూ ఒక వలయం బిగుసుకుంటూ వస్తుంది, బయట ఉండిపోయినవాడు చస్తాడు. ఆఖరికి మిగిలిన జట్టు గెలుస్తుంది. ఒక్కో మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఆపి, తర్వాత మొదలుపెట్టే వీలు లేదు. జట్టులో మరో ముగ్గురు ఉంటారు. ఒకడు పక్క ఊరి కుర్రాడు, ఒకడు తణుకులో హాస్టల్లో ఉన్న పాత క్లాస్‌మేటు, ఇంకొకడు ముఖం కూడా తెలియనివాడు. మధ్యలో ఫోను పక్కన పెట్టేస్తే వాళ్లు ముగ్గురూ వీడి వల్ల ఓడిపోతారు. రేపు జట్టులోకి పిలవరు. పద్నాలుగేళ్ల పిల్లాడిని కట్టిపడేసేది ఆ భయం. తెర మీద చిమ్మే ద్రవం ఎర్రగా ఉన్నా, ఆకుపచ్చగా ఉన్నా ఆ కట్టు సడలదు.

చట్టాలు, కంపెనీల హామీలు ఇలాంటి ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఏమవుతున్నాయో చూడాలి. బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల ఫోన్ నంబరు అడుగుతామంది, రోజుకు మూడు గంటలకు మించి ఆడనివ్వమంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి ఉండాలంటోంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది తండ్రి జేబులో ఒక ఫోను, పిల్లాడి చేతిలో ఇంకొకటి ఉన్న ఇల్లు. మనం చెప్పుకుంటున్న ఇంట్లో తల్లిదండ్రుల నంబరు, పిల్లాడు ఆడే ఫోను ఒకటే. ఓటీపీ వాడి చేతిలోనే మోగుతుంది. ఆరు అంకెలు వాడే చూసి, వాడే నొక్కుతాడు. మామ్మకు తెలిసేలోపే సమ్మతి పూర్తవుతుంది.

ఇది మన దగ్గరే వచ్చిన చిక్కు కాదు. దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్ల లోపువాళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆన్‌లైన్ గేములు ఆడకుండా చట్టం చేసింది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు సంఖ్యలతో లోపలికి వెళ్లారు, చట్టం పరిధిలో లేని మొబైల్ ఆటలకు మళ్లారు. పదేళ్లకు, 2021లో, ప్రభుత్వమే దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. అదే ఏడాది ఆగస్టులో చైనా ఇంకా గట్టిగా బిగించింది: మైనర్లు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే ఆడాలి. తాతల ఖాతాలతో ఆడే మనవళ్లను పట్టుకోవడానికి అక్కడి పెద్ద కంపెనీ ముఖాన్ని గుర్తుపట్టే కెమెరా తనిఖీ పెట్టింది. ప్రతి పిల్లాడి ముఖం కంపెనీ లెక్కల్లోకి ఎక్కే ఆ పద్ధతి మనకు వద్దు. ఆ వెల మరీ ఎక్కువ.

పందెం బరి నేర్పిన పాఠం

నిషేధం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో డెల్టా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఏటా భోగి నుంచి కనుమ దాకా కళ్లారా చూస్తున్నారు. కోడి పందేలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారమూ నేరం. 2016 డిసెంబరులో హైకోర్టు గట్టిగా అడ్డుకోమంది. పండగ ముందు పోలీసుల హెచ్చరికలు వస్తాయి, కత్తులు స్వాధీనం చేసుకుంటారు. పండగ రోజు పొద్దున్నకి బరులు సిద్ధమవుతాయి.

బరి చుట్టూ గుమిగూడిన జనంలో నాన్న భుజాల మీద కూర్చుని చూసే పిల్లలు ఉంటారు. డేగ పుంజు కాలికి కట్టిన కత్తి కాకి పుంజు రొమ్ములో దిగుతుంది, అక్కడి ఇసుక ఎర్రబడుతుంది. అది అసలు నెత్తురు, దానికి రంగు మార్చే మీట లేదు. ఆ పిల్లలు హంతకులైపోలేదు. దాని వల్ల నేరాలు పెరిగాయని ఎవరూ చూపించలేదు. అయితే వాళ్లు నేర్చుకునేది ఒకటుంది: పందెం కాయడం మగతనమని, పోయిన డబ్బు తర్వాతి పందెంలో రాబట్టుకోవచ్చని. బరి పక్కనే గుండాట అనే జూదం నడిచే బల్ల దగ్గర ఐదో తరగతి పిల్లాడు పది రూపాయల నోటు పట్టుకుని నిలబడటం చూసినవాళ్లకు ఇది ఊహ అనిపించదు. పందెం బరి ఏళ్ల తరబడి నిలవడానికి కారణం కోడి మీద ప్రేమ కొంతైతే, చేతులు మారే డబ్బు కొండంత. చట్టం కత్తిని పట్టుకుంటోంది, డబ్బు దాకా వెళ్లడం లేదు.

ఫోనులోని ఆటకూ ఇది వర్తిస్తుంది. ఆట ఉచితం. తుపాకీకి వేసే రంగు, చొక్కా, నెత్తిన పెట్టుకునే టోపీ, వీటికి డబ్బు. ఆ డబ్బుతో ముందు ఆటలో చెల్లే నాణేలు కొనాలి: ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, బీజీఎంఐలో యూసీ. కొన్ని వస్తువులు నేరుగా కొనడానికి దొరకవు. క్రేటు అనే మూసిన పెట్టె కొని తెరవాలి, లోపల ఏముందో తెరిచాకే తెలుస్తుంది. పది తెరిచినా కావలసింది రాకపోవచ్చు. పదకొండోదాంట్లో వస్తుందేమోనన్న ఆశ గుండాట బల్ల దగ్గరి ఆశే. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో డబ్బు తీసుకుని ఇలాంటి పెట్టెలు అమ్మడం జూదమేనని తేల్చింది. ఆటల్లోని హింస జోలికి అది పోలేదు.

మన దగ్గర 2020లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. తెలంగాణ అంతకుముందే, 2017లో ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలను నిషేధించి, నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడినవాణ్ణి శిక్షించలేదు. ఈ చట్టంలో గట్టిగా మెచ్చుకోవలసింది ఆ చివరి ముక్క. రాజ్‌కోట్ తప్పు మళ్లీ జరగకుండా దోషం ఎవరిదో సరిగ్గా గుర్తించారు. అయితే పందెం కట్టి డబ్బు గెలవాలని ఆడే ఆటల గురించే చట్టం మాట్లాడింది. పిల్లాడు తిరిగి డబ్బు రాదని తెలిసీ తెరిచే క్రేట్ల పేరు ఎత్తలేదు. బీజీఎంఐ మైనర్లకు పెట్టిన ఖర్చు పరిమితి రోజుకు 7,000 రూపాయలు. ఊడ్పులకు వెళ్లే కూలీ ఇంట్లో అది ఎన్ని రోజుల కష్టమో పాలకొల్లు సంతలో ఎవరిని అడిగినా చెబుతారు. అది పరిమితి అనిపించుకోదు.

కాబట్టి ప్రభుత్వం ఆంక్షలు పెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు అవును. కాకపోతే ఇప్పుడు అడుగుతున్న చోట కాదు. హింస ఎంతుంటే ఎక్కువ అన్నది తేల్చే పని మొదలుపెడితే, ఏది తీసేయాలో నిర్ణయించే అధికారం ఎప్పుడూ ఎవరో అధికారి చేతికి పోతుంది. ఈ రోజు తుపాకీ ఆట, రేపు ఆయనకు నచ్చని ఇంకో కథ. హింస విషయంలో చేయాల్సింది రేటింగు, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఆ రేటింగు మాత్రం తయారుచేసినవాడి ప్రశ్నావళికి వదిలేయకుండా సినిమాకు చేసినట్టే ఒక బాధ్యత గల సంస్థ ఇవ్వాలి. అది మామ్మకు అర్థమయ్యేలా తెలుగులో, కారణంతో సహా కనిపించాలి. ‘16+’ అన్న గుర్తు ఆమెకు ఏమీ చెప్పదు. ‘ఇందులో తుపాకులతో కాల్చుకుంటారు, డబ్బు పెట్టి కొనే వస్తువులున్నాయి, ముక్కూమొహం తెలియనివాళ్లు మాట్లాడతారు’ అంటే చెబుతుంది.

డబ్బు, వేళ విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. మైనర్ ఖాతాలో కొనుగోళ్లు మొదటి నుంచీ ఆపి ఉంచాలి, క్రేట్లు అసలు అమ్మకూడదు. మ్యాచ్‌ను మధ్యలో వదిలితే వచ్చే నష్టం రాత్రివేళ తీసేయాలి. ఇవన్నీ కంపెనీ తన దగ్గర మార్చుకోగలిగినవి. వయసు దాచిపెట్టి వచ్చే పిల్లాడి సంగతేమిటంటే, రోజూ బడి వేళలు తప్పించి ఆడే ఖాతా, పరీక్షలప్పుడు తగ్గి సెలవుల్లో పెరిగే ఖాతా ఎవరిదో కంపెనీకి ఇప్పటికే తెలుసు. ఎవరికి ఏ టోపీ చూపిస్తే కొంటారో లెక్కగట్టేది ఆ సమాచారంతోనే. అమ్మడానికి పనికొచ్చే తెలివి ఆపడానికి పనికిరాదంటే నమ్మనక్కర్లేదు.

చట్టంతో తీరనిది ఒకటి మిగులుతుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఏప్రిల్ నుంచి తొలకరి దాకా డెల్టాలో చేలన్నీ ఒకప్పుడు ఆట స్థలాలే. వరి మోళ్ల మధ్య పిచ్ చదును చేసుకుని, గట్టు మీద తాటాకు నీడలో వంతు కోసం కూర్చునేవాళ్లు. భీమవరం, ఉండి, కాళ్ళ వైపు ఆ చేలు చాలా వరకు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. వాటిలో ఏడాది పొడవునా నీళ్లే. గట్టు మీద ఏరేటర్ల చప్పుడు, కరెంటు తీగలు, పిల్లలు రాకూడదని కాపలా. బడి మైదానం ఉంటే సాయంత్రం నాలుగున్నరకి గేటుకు తాళం పడుతుంది. నలుగురు కుర్రాళ్లు కలిసి దూకడానికి మిగిలింది ఫోనులోని దీవే. పంచాయతీ తీర్మానం చేసి ఆ గేటు తాళం చెవి సాయంత్రాలు ఊళ్లో ఎవరికైనా అప్పగించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

రాత్రి సంగతికి మాత్రం కంపెనీయే దిగిరావాలి. మామ్మ ఫోను లాక్కోలేదు, లాక్కుంటే కోడలి కాల్ పోతుంది. ఫోను మొత్తాన్ని ఆపేసే ఏ ఏర్పాటూ ఆ ఇంట్లో చెల్లదు. పదకొండింటికి ఆట దానంతటదే ఆగిపోయి, పన్నెండున్నరకి కువైట్ నుంచి కాల్ మాత్రం మోగేలా చేయడం సాంకేతికంగా ఈ రోజు కష్టమేమీ కాదు. నెత్తురుకి రంగు మార్చినవాళ్లే అదీ చేయగలరు.